9317 దగ్గర ఆగిన ఊరేగింపు

"ఆపున్రి. ఇది ప్రైమ్ కాదు."

ముందు వరుసలోంచి వచ్చిన ఆ మాటతో డప్పు ఆగిపోయింది. బోధన్ ఫంక్షన్ హాలు వేదిక మీద అప్పటికి నలుగురు పిల్లలే మిగిలారు. వాళ్ల మెడల్లో తాళ్లతో వేలాడుతున్న అట్ట పలకల మీద ఎడమ నుంచి కుడికి తొమ్మిది, మూడు, ఒకటి, ఏడు.

ముఖ్య అతిథి ఆత్మారాం సార్ కుర్చీలోంచి లేచారు. శాలువా సర్దుకుంటూ, మైకు లేకుండానే హాలంతా వినిపించేలా అన్నారు. "తొమ్మిది వేల మూడు వందల పదిహేడు. ఏడుతోని పోతది. పోంగ మిగిలేది పదమూడు వందల ముప్పై ఒకటి. అది పదకొండు ఘనం. ఇగ ఇది ప్రైమ్ ఎట్లయితది వాజిదా?"

మైకు పట్టుకున్న లెక్కల మేడం వాజిదా చెయ్యి కిందికి జారింది. వెనక వరుసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది.

కాసేపటి కిందట ఇదే వేదిక మీద ఇరవై నాలుగు మంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి మెడలో ఒక్కో అంకె. అందరూ కలిస్తే ఒకే సంఖ్య: 357686312646216567629137. అది ప్రధాన సంఖ్య, ప్రైమ్. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగం పోదు. అంతవరకే అయితే విశేషం లేదు. ఎడమ నుంచి ఒక్కో అంకెను తీసేస్తూ పోతే మిగిలిన సంఖ్య కూడా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే. చివరికి ఏడు ఒంటరిగా నిలబడేదాకా ఆ గుణం చెడదు. సున్నా లేని సంఖ్యల్లో ఈ గుణం ఉన్నవాటిలో ఇంతకన్నా పెద్దది లేదు. వాజిదా దీన్ని ఊరేగింపుగా మార్చింది. డప్పు మీద ఒక్క దెబ్బ పడితే ఎడమ చివరి పిల్లవాడు వేదిక దిగిపోతాడు. మిగిలినవాళ్లు గట్టిగా "ప్రైమే" అంటారు. అలా ఇరవై మంది దిగారు. అంతంత పెద్ద సంఖ్యలను కూర్చున్నచోట సరిచూడగలిగేవాళ్లెవరూ ఉండరు గనుక జనం నమ్మి చప్పట్లు కొట్టారు. నలుగురు మిగిలేసరికి సంఖ్య మనిషికి అందేంత చిన్నదైంది. అక్కడే కూలింది.

వేదిక కుడి పక్కన తెర చాటున నిలబడ్డ మరో లెక్కల మేడం హర్షిణి గుండెల్లోకి చల్లగా ఏదో దిగింది. భయం కాదు. మండుటెండలో చెరుకురసం గొంతు దిగినట్టుంది. పెదవులు వాటంతటవే సాగాయి.

ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు.

ఆత్మారాం సార్ వేదికెక్కి వాజిదా చేతిలోంచి మైకు తీసుకున్నారు. "పిల్లలది తప్పు కాదు. ఒకటి, మూడు జాగలు మారినయి. అవి వాటంతట అవి మారయి గద. ఎవరో కావాలని మార్చిన్రు."

హాలు మొత్తం కుడి పక్క తెర వైపు తిరిగింది. ఆ చివరి నలుగురు పిల్లలు హర్షిణి చూసుకుంటున్న గుంపు.

*

"నవ్వినవ్," అంది రాధాబాయి, మేకప్ గది తలుపు మూసి. కాలేజీ కరస్పాండెంటు ఆమె. బోధన్ చుట్టుపక్కల చెరుకు పండించిన కుటుంబం. స్టాఫ్ అంతా రాధక్క అనే పిలుస్తారు. "సార్ ప్రైమ్ కాదన్నప్పుడు నువ్వు నవ్వినవ్ హర్షిణి. నా రెండు కండ్లతోని చూసిన."

"నవ్వితే మార్చినట్టేనా రాధక్కా?"

"నిన్న స్టాఫ్ రూంల ఏమన్నవ్? ఎక్కడో ఒక్కకాడ కూలుతది సూడున్రి అన్నవా, అనలేదా?"

"అన్న."

"మళ్ల?"

అన్న మాట నిజం. నిజామాబాద్‌లో పసుపు వ్యాపారులు కట్టిస్తున్న గణిత కేంద్రానికి వాజిదాను పెద్దగా పెడతారని తెలిసిన రోజు నుంచి హర్షిణికి ముద్ద దిగలేదు. ఈ ఊరేగింపు చూసి మాట ఖాయం చేయడానికే కేంద్రం కమిటీ ఇవాళ బోధన్ వచ్చింది.

"కాంటా పెట్టినవా?" అడిగింది రాధాబాయి.

చెరుకు బండి కాంటా ఎక్కితే బరువు అందరికీ వినబడేలా చెప్పడం ఈ ప్రాంతపు అలవాటు. రాధాబాయి దాన్ని కాలేజీకీ పట్టుకొచ్చింది. బస్సెక్కే పిల్లలైనా, పరీక్ష హాల్లో కాగితాలైనా, గుంపు పెద్ద మొత్తం గట్టిగా చెప్పిన తర్వాతే పని మొదలవ్వాలి. ఇవాళ వేదిక ఎక్కే ముందు ప్రతి గుంపు పెద్ద తన నలుగురి అంకెలు కూడి మొత్తం పైకి చెప్పింది.

"పెట్టిన. ఇరవై అన్న. ఇరవయ్యే రావాలె."

"ఒకటి మూడు అటిటు అయినా ఇరవయ్యే వస్తది. గది నాకు గూడ తెలుసు. నువ్వు లెక్కల మేడంవు, నీకు తెల్వదా?"

తెలుసు. కాంటా కూడిక ఏ అంకె తప్పిపోయినా పట్టుకుంటుంది గానీ, అంకెలు స్థానాలు మారితే గుడ్డిది. కూడుతున్నప్పుడు హర్షిణి కళ్లు పలకల మీద లేవు. హాలు మధ్యలో కమిటీవాళ్లు వాజిదా మెడలో పసుపు కొమ్ముల దండ వేస్తున్నారు. ఆమె చూపు అక్కడుంది. నాలుగు అంకెలు నోరు కూడింది, కళ్లు కూడలేదు. ఆ తర్వాత ఆత్మారాం సార్ పిల్లలను దీవించడానికి తెర వెనకకు వచ్చినప్పుడూ ఆమె చూపు ఆ దండ మీదే.

"ఒక్కటి చెప్పు," అంది రాధాబాయి. గొంతు తగ్గించడంతో మాట ఇంకా పదునెక్కింది. "సార్ గట్ల చిటికెల ఎట్ల పట్టిండు?"

"సార్ క్లాసుల హాజరు పిలిస్తే ప్రెజెంట్ అనొద్దు. మన నంబర్ ఘనం చెప్పాలె. పదకొండో నంబర్‌కు పదమూడు వందల ముప్పై ఒకటి. రోజూ విన్న లెక్క. నిద్రల లేపి అడిగినా..."

"అంటే ఆ క్లాసుల కూసున్నోళ్లకే ఈ కిటుకు తెలుస్తది. ఈ హాల్ల గాడ చదివినోళ్లు ఇద్దరే. నువ్వు, వాజిదా. తన తమాషా తనే ఖరాబ్ చేసుకుంటదా?"

రాధాబాయి తలుపు గడియ మీద చెయ్యేసింది.

"తిన్నంక సార్ మళ్ల మాట్లాడుతడు. అంతకంటే ముందల నువ్వు మైకు పట్టుకొని ఒప్పుకో. మాఫీ అడుగు. అడిగితే ఇంతటితోని ఖతం. లేకుంటే రేపటికెల్లి కాలేజీకి రాకు. బోధన్‌ల కాదు, నిజామాబాద్‌ల గూడ ఎవ్వరు నీ చేతికి చాక్‌పీస్ ఇయ్యరు. నేనే ఫోన్ చేసి చెప్త."

తలుపు తెరుచుకుంది. బగారా అన్నం వాసన లోపలికొచ్చింది. వడ్డన మొదలైంది.

*

వాజిదా హాజరు నంబరు పదకొండు. హర్షిణిది పన్నెండు. ఆత్మారాం సార్ నిజామాబాద్ ట్యూషన్‌లో ఆమె కంటే ఒక్కరోజు ముందు వాజిదా చేరింది, అంతే తేడా. కానీ "1331" అన్న గొంతు తర్వాతే "1728" అన్న గొంతు లేచేది. మార్కులూ అలాగే, మెచ్చుకోళ్లూ అలాగే. ఉద్యోగం కూడా ఒకే కాలేజీలో దొరికింది. పన్నెండు ఎప్పుడూ పదకొండు వెనకే.

ఈ పని వాజిదాయే చేసి ఉండాలి. హర్షిణికి మొదట తట్టింది అదే. తట్టడం కాదు, అలా అయితే బాగుండునని ఆశ.

తెర వెనక పలకలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె ముందు తొమ్మిది పలకను లాగింది. ఒక చిన్న అనుమానం తీర్చుకోవాలి. ఆ సంఖ్య మొత్తంలో ఆరులు ఏడు ఉన్నాయి, తొమ్మిది ఒక్కటే. ఆరు పలకను ఎవరైనా తలకిందులుగా తగిలిస్తే తొమ్మిది అవుతుంది. 9317 బదులు 6317 అనుకుంటే? ఆమె గోడ మీదే చాక్‌పీస్‌తో భాగించడం మొదలుపెట్టింది. ఏడుతో పోదు. పదకొండుతో పోదు. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, అలా డెబ్బై తొమ్మిది దాకా వెళ్లింది. పోదు. 6317 ప్రధాన సంఖ్యే. దాని తోకలు 317, 17, 7 కూడా అంతే. అంటే ఆ నలుగురిలో తప్పు తొమ్మిదిది కావచ్చు. పిల్లల పొరపాటు కావచ్చు. హర్షిణి బయటపడవచ్చు.

పలకను తిప్పి చూసింది. తాడు కోసం చిల్లులు పై అంచుకే ఉన్నాయి. తొమ్మిది తొమ్మిదే. తలకిందులు కాలేదు.

ఆశ పోయింది. సరే, ఒకటీ మూడూ మారినట్టే. పొరపాటునా, కావాలనా?

గోడ మీద ఆమె 9137 రాసింది. అసలు వరుస అది. ఇందులో ఏ రెండు అంకెలు మార్చినా ఆరు రకాలే వస్తాయి. ఏడును తొమ్మిదితోగానీ ఒకటితోగానీ మారిస్తే చివర తొమ్మిదో ఒకటో నిలబడుతుంది. ఏడుతో ముగియాలని తెలిసిన పిల్లలే తెర వెనక గోల చేసేవాళ్లు. మూడునూ ఏడునూ మారిస్తే 9173. అదీ ప్రధాన సంఖ్యే, కూలదు. 1937 పదమూడుతో పోతుంది, 3197 ఇరవై మూడుతో పోతుంది. కుర్చీలో కూర్చుని పట్టుకోవడం ఎంత ఆత్మారాం సార్‌కైనా కష్టం. మిగిలింది ఒక్కటే, 9317. తోకలు మంచివి. ఏడుతో భాగిస్తే కూలుతుంది. మిగిలేది 1331.

ఆరింటిలో పట్టుబడి తీరే ఒక్కదాన్ని ఎవరో వెతికి తీశారు. ఇది పాడుచేయడానికి చేసిన పని కాదు. అందరి ముందూ దొరకాలని చేసిన పని.

*

చేతులు కడిగే కుళాయిల దగ్గర వాజిదా ఒక్కతే ఉంది. ముఖం మీద నీళ్లు చల్లుకుంటోంది. హర్షిణిని అద్దంలో చూసింది కానీ వెనక్కి తిరగలేదు.

"కడుపు నిండిందా?" అంది.

"నువ్వే చేసుకున్నవ్ వాజిదా. నన్ను కాలేజీకెల్లి ఎల్లగొట్టాలని."

వాజిదా తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిన్ను ఎల్లగొట్టడానికి నా ఇల్లు నేనే కాలవెట్టుకుంటనా? కమిటీవాళ్లు తినకుంటనే లేసిన్రు. మళ్ల ఆలోచిస్తం మేడం అన్నరు. ఒకాయనైతే నా ముందలనే, ఆత్మారాం సార్‌నే పెట్టుకుంటే అయిపోతుండె, ముసలాయన బుర్ర ఇంకా ఎట్ల నడుస్తున్నది సూడున్రి అన్నడు. ఇందుల నాకేం మిగిలింది?"

"నీకు మిగలకుంటే నాకు సంతోషమే."

"తెలుసు. నువ్వు దాసుకోవు, నీ దగ్గర అదొక్కటే మంచిగుంటది." వాజిదా దుపట్టా అంచుతో ముఖం తుడుచుకుంది. "నాకు లేదనుకున్నవా కుళ్లు? నీ క్లాసుకెల్లి పిల్లల నవ్వులు నా క్లాసుదాక ఇనొస్తయి. నా క్లాసుల చీమ చిటుక్కుమనదు, నేనంటే భయం. పోయిన టీచర్స్ డేకు నీ టేబుల్ మీద పూలు పట్టలే. నాకు ఒక పెన్ను ఇచ్చిన్రు. అది గూడ రాయలే."

హర్షిణికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద సిగ్గేసింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ ఆమెతో అనలేదు. అన్నది వాజిదా. లోపల ఎక్కడో అది తీపిగా తగిలింది, ఈ పరిస్థితిలో కూడా.

"అల్లా కసం, నేను చేయలే," అంది వాజిదా.

"నేనూ చేయలే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అబద్ధమాడితే తెలిసిపోయేంత కాలంగా ఒకరినొకరు అసూయతో కనిపెట్టుకుని ఉన్నవాళ్లు.

"ఈ నంబర్ ముందుగాల ఎవరెవరికి చెప్పినవ్?" అడిగింది హర్షిణి.

"గుంపు పెద్దలకు, పిల్లలకు. బయట ఎవ్వరికీ చెప్పలే. ఇన్విటేషన్‌ల గూడ వేయలే, సర్‌ప్రైజ్ ఉండాలని."

"సార్‌కు?"

"చెప్పలే. పొద్దున మైకుల అన్నడు గద, ఇసొంటి నంబర్ ఒకటున్నదని నాకు ఇయ్యాల్నే ఎరుకైంది, మా వాజిదా ఏడికెల్లి పట్కొచ్చిందో అని."

"మరి ఒకటి, మూడు మారినయని ఎట్ల చెప్పిండు?"

"లెక్క చేసుంటడు. 9137 ప్రైమ్ అయితది గద."

"6317 గూడ అయితది."

వాజిదా ఆగింది. ఆమె పెదవులు కదిలాయి. ఆమె తలలో భాగహారాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తడం హర్షిణికి కనిపించింది. "అరవై ఒకటి... డెబ్బై మూడు... డెబ్బై తొమ్మిది. పోదు. ప్రైమే." ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఆరు పలక తలకిందులైతే..."

"చూసేటోళ్లకు ముందు వచ్చే అనుమానం గదే. ఏడు ఆరుల నడుమ తొమ్మిది ఒక్కటే ఉన్నది. నాకు గట్లనే అనుమానమొచ్చి, పోయి పలక చిల్లులు చూసిన. సార్ కుర్చీలకెల్లి చిల్లులు కనిపించయి. దారి ఒకటి కాదు, రెండున్నయి. రెండు దారులుంటే రెండూ రాయకపోతే మనకు సున్నా వేస్తుండె ఆయన. ఇయ్యాల ఒక్కటే చెప్పిండు. నిన్ను అడగలే, పలక తిప్పి చూడలే. మొదటిసారి చూసిన నంబర్‌ల అసలుది ఏదో ఆయనకు ఎట్ల ఎరుక?"

"సార్‌ను అంటున్నవ్ నువ్వు." వాజిదా గొంతు సన్నబడింది. "మనకు చదువు చెప్పిన సార్‌ను."

"నీకు దండేసినప్పుడు సార్ చప్పట్లు కొట్టిండు. చూసినవా?"

"కొట్టిండు. అందరు కొట్టిన్రు."

"అందరికంటే ఒక గడియ ఆగి కొట్టిండు. చేతులు కలిసినయి, సప్పుడు రాలే. గా చప్పట్లు నాకు తెలుసు వాజిదా. నీకు నేను ఎప్పుడూ గట్లనే కొడుత."

కుళాయి కారుతూనే ఉంది. వాజిదా చెయ్యి చాపి దాన్ని కట్టేసింది.

*

మూడు పలక సాయిరాందీ, ఒకటి పలక రిదాదీ. సాయిరాం ఊరు వర్ని. ఊరి బస్సు పోతుందని అప్పటికే వెళ్లిపోయాడు. రిదా మాత్రం భోజనాల వరుస చివర ఖాళీ ప్లేటు పట్టుకుని ఉంది. ఇద్దరు మేడంలు కలిసి తన వైపు రావడం చూసి ప్లేటు గుండెలకు ఆనించుకుంది. ఆ ఇద్దరూ కలిసి నడవడం కాలేజీలో ఎవరూ చూడలేదు.

"నేను నిన్ను ఏం అనను రిదా," అంది హర్షిణి. "పలకలు మీరే మార్చుకున్నరా, ఎవరన్న మార్చమన్నరా?"

రిదా వాజిదా వైపు చూసింది. భయం. హర్షిణి కొంచెం పక్కకు జరిగి వాజిదాకు అడ్డంగా నిలబడింది.

"మేడం, నేను చేరాలనుకుంటున్న బ్యాచ్ ఉన్నది గద, నిజామాబాద్‌ది. చెప్తే దాంట్ల నా సీటు పోతది," అంది రిదా.

ఆ బ్యాచ్ ఎవరిదో చెప్పనక్కర్లేదు. బోధన్ నుంచి ఏటా ఇద్దరినే తీసుకుంటారు.

"మేడంకు దండేసినంక, సార్ మీ అందరికి తాళ్లు సరిచేసుకుంట, దీవించుకుంట తెర ఎనుకకు వచ్చినప్పుడు గద?"

రిదా తల ఊపింది. తర్వాత మాటలు ఒక్కసారిగా దొర్లాయి. "నాది తీసి సాయిరాంకు వేసిన్రు, వాడిది నాకు. మీ వాజిదా మేడంకు చిన్న పరీక్ష అన్నరు. మేడం స్టేజీ మీద పట్టుకుంటది, అందరు ఇంకా ఎక్కువ చప్పట్లు కొడుతరు, గప్పటిదాక ఎవ్వరికి చెప్పకున్రి అన్నరు. మేడం పట్టుకుంటదనుకున్న. పట్టుకోలే." ఆమె కళ్లు నిండాయి. "నేను మైకుల చెప్ప మేడం. నాతోని కాదు."

"నువ్వు చెప్పకు. పోయి అన్నం తిను."

వెనక వాజిదా గోడకు ఆనుకుంది. హర్షిణి ఆమెను చూసింది. పదకొండో నంబరు ముఖంలో ఎప్పుడూ కనిపించని ఖాళీ. దాన్ని చూడాలని హర్షిణి ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. చూస్తే ఏమీ రుచి లేదు.

*

భోజనాలయ్యాక హాలు మళ్లీ నిండింది. కమిటీవాళ్లు వెళ్లిపోలేదు. జీపు దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్లు మైకు శబ్దం విని లోపలికొచ్చి తలుపు పక్కనే ఆగారు. ఆత్మారాం సార్ వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చున్నారు. రాధాబాయి మైకులో పిలిచింది.

"మన హర్షిణి మేడం రెండు మాటలు చెప్తది."

మెట్ల దగ్గరికి సార్ లేచి వచ్చారు. జనానికి అది పెద్దమనసు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, పెదవులు కదలకుండా అన్నారు. "మాఫీ అడుగు, చాలు. కేంద్రం ఇగ నాకే వస్తది. నా పక్క కుర్చీ నీది. వాజిదా కింద ఉండే పని ఇగ నీకు లేదు."

హర్షిణి కాలు మెట్టు మీదే ఆగిపోయింది.

ఆయనకు తెలుసు. ఆమెకు ఏది కావాలో ట్యూషన్ రోజుల నుంచీ తెలుసు. ఒక్క చిన్న అబద్ధం చాలు. కొంత పరువు పోతుంది, నాలుగు రోజుల్లో మరిచిపోతారు. ఉద్యోగం ఉంటుంది. వాజిదా కంటే పై కుర్చీ ఉంటుంది. నిజం చెబితే తన ఉద్యోగం నిలబడుతుంది గానీ, దాంతోపాటే కేంద్రం తిరిగి వాజిదా ఒళ్లో పడుతుంది. తన నోటితో తనే తీసి ఇచ్చినట్టు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. జుట్టు మొత్తం తెల్లబడింది. జిల్లాలో లెక్కలంటే ఈయనే అన్న పేరుంది. అంత పేరున్న మనిషి, తను చదువు చెప్పిన పిల్ల మెడలో పడ్డ ఒక్క దండను ఓర్వలేక, తెర వెనక ఇద్దరు పిల్లల మెడల్లో పలకలు మార్చాడు. ఇంకా ముప్పై ఏళ్లు ఇలాగే కుళ్లుకుంటూ పోతే తను చేరేది ఈ కుర్చీ పక్కకే.

ఆమె మెట్లెక్కింది. మైకు దగ్గరికి వెళ్లేముందు తెర వెనక నుంచి తొమ్మిది, మూడు, ఒకటి, ఏడు పలకలు తెచ్చి బల్ల మీద వరుసగా నిలబెట్టింది.

"సార్, మాఫీ అడిగే ముందు ఒక్క లెక్క," అంది. "ఇది 9317. ప్రైమ్ కాదని మీరే చెప్పిన్రు. దీన్ని సరిచేయాలంటే ఎన్ని దారులున్నయి?"

"ఇప్పుడు లెక్కలెందుకమ్మా," అన్నారు సార్ నవ్వుతూ. "ఒకటి, మూడు మారిస్తే సరి."

"ఇంకొకటి లేదా?"

"ఏముంటది?"

హర్షిణి తొమ్మిది పలకను తీసి తలకిందులు చేసి పెట్టింది. ఇప్పుడు బల్ల మీద 6317. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో ఇద్దరు పిల్లలు అరచేతుల మీద భాగించడం మొదలుపెట్టారు.

"ఇది గూడ ప్రైమే. ఎనుక 317, 17, 7, అన్ని ప్రైమే. పెద్ద నంబర్ మొత్తంల తొమ్మిది ఒక్కటే ఉన్నది, ఆరులు ఏడు. తెల్వనోళ్లు ఎవరైనా ముందు ఆరే తలకిందులైందంటరు. మీరు పొద్దున మైకుల ఈ నంబర్ ఇయ్యాల్నే మొదటిసారి చూస్తున్న అన్నరు. ఇంత మంది విన్నరు. మొదటిసారి చూసిన నంబర్‌ల తప్పు ఒకటి మూడుదే, తొమ్మిదిది కాదని ఎట్ల చెప్పిన్రు సార్? వాజిదాను అడిగిన్రా? పలక తిప్పి చూసిన్రా?"

నవ్వు సార్ ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"అందాజ," అన్నారు చివరికి. "అనుభవం."

"అందాజతోని జవాబు రాస్తే మీరు సున్నా వేస్తుండె."

వెనక ఎక్కడో ఒకరు నవ్వి ఆపుకున్నారు. తలుపు దగ్గర కమిటీవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాజిదా నడుచుకుంటూ వచ్చి వేదిక కింద నిలబడింది. ఆమె వెనకే రిదా. ఎవరూ పిలవలేదు, అన్నం ప్లేటు అక్కడే వదిలేసి వచ్చింది. సార్ చూపు రిదా మీద పడి, అక్కడి నుంచి నేల మీదికి జారింది.

రాధాబాయి కుర్చీ వెనక్కి తోసి లేచింది. "హర్షిణి, నాకు ఈ ప్రైములు సమజ్ కావు. సుట్టు తిప్పకు. పలకలు ఎవరు మార్చిన్రు? సక్కగ పేరు వెట్టి చెప్పు."

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ ఆయన్ని సార్ అనకుండా పిలిచినవాళ్లను హర్షిణి ఎరగదు. ఆమె నాలుక ఆ మాట మీదికే పోయింది. దాన్ని వదిలేసి మైకు దగ్గరికి లాక్కుంది.

"తెర ఎనుక పిల్లల మెడలకెల్లి పలకలు మార్చింది," అంది, "ఆత్మారాం."